నాయినమ్మ మాటలు, నక్క దాహం

పోయిన వారం బీరువా సర్దుతుంటే పాత స్వెట్టర్ల కిందనుంచి, కలరా ఉండల వాసన కొడుతూ ఒక క్యాసెట్టు బయటపడింది. సుపేలా బజారులో టేప్ రికార్డర్లు బాగుచేసే ముసలాయన ఇంకా దుకాణం తెరుస్తున్నాడని విని, మా పాతదాన్ని మోసుకెళ్లి కొత్త బెల్టు వేయించి తెచ్చాను. మీట నొక్కానో లేదో, హాలంతా నాయినమ్మ గొంతే! "ఓలమ్మోలమ్మ, మళ్లీ దాపురించావేటే నక్కా! నీ మూతి కాలిపోను!"

తొంభైలలో భిలాయి సెక్టర్ 7లో మాది వరుస చివరి క్వార్టరు. వెనకగోడ దాటితే తుప్పలు, తుప్పలు దాటితే నాలా, అంటే చిన్న వాగు. ఎండలు ముదిరేసరికి తుప్పల అవతలి ఇప్పపూల మత్తు వాసనా, ఉక్కు ప్లాంటు వైపునుంచి గాలి మోసుకొచ్చే గంధకపు ఘాటూ, మంచం మీద ఆరేసిన వడియాల పుల్లటి వాసనా అన్నీ కలిసి మా పెరట్లోనే కాపురం పెట్టేవి. స్కూలు నుంచి రాగానే ఏడుపెంకులాట, మా హిందీ నేస్తాల భాషలో పిట్టూ. మధ్యమధ్య పచ్చి వడియాలు గిల్లుకు తినడం, వాటితో పాటు నాయినమ్మ తిట్లు తినడం. విజయనగరం పక్క పల్లెనుంచి వచ్చిన ఆవిడకి ఎన్నేళ్లున్నా హిందీ అబ్బలేదు. పక్కింటి దీదీ నేర్పిన ఛత్తీస్‌గఢీ మాట ఒక్కటి వచ్చు, కోలిహా, అంటే నక్క. తన భాషలో కబుర్లాడే తోడు లేక పొద్దస్తమానం పెరట్లో తను పెంచే కోళ్లతోనే మాట్లాడేది. మధ్యాహ్నం మాత్రం మాట్లాడుతూ మాట్లాడుతూ ఠక్కున ఆగిపోయేది. కునుకు పట్టిందేమో అనుకునేవాళ్లం.

నా మరీ చిన్నతనంలో ఆ తుప్పల్లో ఉండే నక్కలు పట్టపగలే దర్జాగా వచ్చి, పెరటి కుళాయి కింద తొట్టిలో నీళ్లు తాగి పోయేవి. సెక్టర్ కుర్రాళ్లు రాళ్లతో, దీపావళికి మిగిలిన బాంబులతో తరమడం మొదలెట్టాక వాటి తీరే మారిపోయింది. షిఫ్టు మారే వేళ సైకిల్ బెల్లులు మోగుతుంటే తుప్పల్లో ఒక్క చెవైనా కనబడేది కాదు. ఆ సందడంతా అణిగి, మగవాళ్లు ప్లాంటులో, పిల్లలు స్కూల్లో, ఆడవాళ్లు కునుకులో ఉన్నప్పుడు పిల్లిలా వచ్చేవి. నాన్న డ్యూటీ ఎప్పుడో తనకంటే వాటికే బాగా తెలుసని అమ్మ నవ్వేది. రేకు డబ్బాలు వేలాడదీసినా, పాత చొక్కా తొడిగి బొమ్మను నిలబెట్టినా ఇట్టే అలవాటు పడిపోయేవి. రేడియోలో పాటలు పెడితే ఒకటి గోడ పక్కన కూచుని మరీ విన్నది! వాటికి భయం మనిషి మాటే. నాయినమ్మ అరుగు మీద కూచుని వంకాయల ధర గురించి గొణిగినా చాలు, ఎంత ఆకలిగా ఉన్నా వెనక్కి తిరిగిపోయేవి.

ఒక ఏప్రిల్‌లో నల్లపెట్ట పిల్లల్ని లేపింది. సరిగ్గా అప్పుడే నాయినమ్మ కంటి ఆపరేషనుకి పిలుపొచ్చింది. శుక్లాలు ముదిరి మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకుంటోందప్పటికి. ఇంకా ఆలస్యమైతే చూపు దక్కదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఆవిడేమో కదలనంది. "నానెల్లిపోతే ఆ పిల్లల కాడ నోరిప్పీవోలెవులు? నాకీ కన్నొద్దు, ఏటీ వద్దు!" నిజమే, అమ్మ ఆస్పత్రిలో తోడుండాలి, నాన్న డ్యూటీలో, నేను స్కూల్లో. నాయినమ్మకి నా మొహం ఇక ఎప్పటికీ కనిపించదేమోనని నేను వెక్కివెక్కి ఏడిచాను.

నాన్న ఊరుకోలేదు. ఒక పక్క అయిపోతే రెండో పక్క తనంతట తనే తిప్పుకునే టేప్ రికార్డరొకటి ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. "అమ్మా, నువ్వు రోజూ వాగేదే ఇక్కడ వాగు" అని మీట నొక్కాడు. ఇక చూడాలి! నక్క వంశాన్ని, కోడలి చారుని, భిలాయి ఎండని, దేన్నీ వదల్లేదు. మధ్యలో హఠాత్తుగా నోరు మూసేసింది. నాన్న చేతులూపినా సరే, ఉలకదు పలకదు. చాలాసేపటికి మళ్లీ అందుకుంది.

"అదేటమ్మా, మధ్యలో ఖాళీ వచ్చింది, మళ్లీ చెప్పు" అన్నాడు నాన్న.

"ఉండనీరా. అదీ పిల్లల తల్లే. నాలాలో సుక్క నీరు నేదు. నా మాటినబడితే దాని గొంతు దిగవు. అందుకే రోజూ కూసింతసేపు నోరు మూసుకుంతాను."

"మరి కోడిపిల్లలో?" అన్నాను నేను.

"గంప మీద రాయుంది కదేటే గుంటా. అంత కాస్తలో గంప తొయ్యనేదు. బయంతో సస్తా నీళ్లే తాగుతాది."

ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. టేప్ రికార్డరు వంటింటి కిటికీలో తిరుగుతుండగా ఆవిడ ఆస్పత్రికి వెళ్లింది. తిరిగొచ్చి గడపలోనే కోడిపిల్లల్ని అడిగింది. ఒక్కటీ పోలేదు; తొట్టి పక్క తడి మట్టిలో మాత్రం నక్క అడుగులున్నాయి. కట్టు విప్పాక వేసవి సెలవుల్లో ఓ మధ్యాహ్నం, నేనూ నాయినమ్మా ఊపిరి బిగబట్టి తలుపు సందులోంచి చూస్తుంటే నక్క వచ్చింది. రెండు గుక్కలకోసారి తలెత్తి చూస్తోంది. నాయినమ్మకి అది స్పష్టంగా కనబడడం అదే మొదలు. "ఓలమ్మ, ఎముకలే ఉన్నాయే! నా నోటికి బయపడి ఇలాగైపోనాదేటే" అని గుసగుసగా అంది, కంట్లో నీళ్లు తిరిగాయి. ఆ మర్నాటినుంచి ఆవిడ నోరు మూసుకునే సమయం ఇంకాస్త పెరిగింది.

ఇప్పుడా తుప్పలు లేవు, అక్కడ తెల్లార్లూ లైట్లు వెలుగుతాయి. నాలా మీద సిమెంటు పలకలు పరిచేశారు. నక్క అంటే మా అమ్మాయికి పుస్తకంలో బొమ్మే. నాయినమ్మ పోయి కూడా చాలా కాలమైంది.

క్యాసెట్టు ఆ ఖాళీ చోటికి వచ్చేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. "మమ్మీ, ఖరాబ్ హో గయా క్యా?" అంటూ, టేపు పాడైందనుకుని మా అమ్మాయి ముందుకు జరపబోయింది. దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"ష్... నీళ్లు తాగనీవే."