దాటని వల

గొంతులో చేపముల్లు దిగితే అన్నం ముద్ద మింగుతాం, అరటిపండు మింగుతాం, ఏదో ఒకదానితో పోతుంది. నాకు దిగింది ముల్లు కాదు. ఒక్క మాట. నేనన్న మాటే. దాని మీద ఇన్నేళ్ళుగా ఎన్ని ముద్దలు మింగానో లెక్కలేదు, అది మాత్రం కదల్లేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

మాది పూండి అవతల, ఉద్దానం కొబ్బరితోటలు దాటాక ఇసుకలో ఉండే జాలరి పల్లె. ఈ నాలుగు అక్షరాలు నాకు చాలా తరవాత, ఉప్పు పండించే కొటారులో పనికి కుదిరాక వచ్చాయి. అంతకుముందు నాకు తెలిసింది తెప్ప, వల, గాలి. తెప్ప మీద ఇద్దరం వెళ్ళేవాళ్ళం, నేనూ మా బావా. బావంటే మా చెల్లెలి మొగుడు. నా ఈడువాడే, ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం.

పెద్ద యుద్ధం రోజుల్లో టెక్కలి సంతలో డప్పు కొట్టి పటాలానికి మనుషుల్ని పోగుచేశారు. బావ వెళ్ళాడు. తుపాకి పట్టే పని కాదు. ఓడ దిగి, బస్రా అవతల ఎక్కడో, దెబ్బతిన్న సిపాయిలను గుడ్డమంచం మీద మోసుకొచ్చే పని. తిరిగొచ్చినప్పుడు కాళ్ళూ చేతులూ అన్నీ సరిగ్గా ఉన్నాయి. మా చెల్లి దిష్టి తీసి లోపలికి తీసుకెళ్ళింది. మనిషి మొత్తం వచ్చేశాడనే అనుకున్నాం.

తోటలో కొబ్బరికాయ రాలితే బోర్లా పడుకునేవాడు. తల మీద చేతులు పెట్టుకుని, ముఖం ఇసుకలో దూర్చి. చుట్టూ జనం ఉన్నా సరే. గాలి సోకిందన్నారు, సముద్రం దాటినవాడికి ఏదో వెంట వచ్చిందన్నారు. మంత్రం వేసే ఎజ్జోణ్ణి పిలిచి తాయెత్తు కట్టించారు. కాయ రాలడం మానలేదు, ఆయన పడుకోవడం మానలేదు.

నీళ్ళ మీద మాత్రం బాగుండేవాడు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. ఒడ్డు కనుమరుగైతే చాలు, ఆయన భుజాలు దిగేవి. పాత బావలా నవ్వేవాడు, నా తెడ్డు పట్టును ఎగతాళి చేసేవాడు. అక్కడి సంగతి నాకొక్కడికే చెప్పాడు, అదీ నీళ్ళ మీదే. మంచం రెండో కొస పట్టినవాడు తూటా తగిలి పడిపోతే, మంచం మీదున్న సిపాయిని బావ ఒక్కడే ఈడ్చుకుంటూ వచ్చాడట. దారిలో ఆ సిపాయి ప్రాణం పోయింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, ఊపిరి లేదు. అప్పుడే వదిలేసి పరిగెత్తాడు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే వరసలో చెప్పేవాడు. ముందు చెయ్యి పెట్టి చూడడం, తరవాత వదిలేయడం. ఆ వరస తప్పనిచ్చేవాడు కాదు. బావ ఆ వరసను పట్టుకునే నిలబడి ఉన్నాడు.

ఇక నా సంగతి.

ఎండాకాలం, మేం ఒడ్డుకు తిరిగి వస్తుండగా ఉన్నట్టుండి మబ్బేసి, నెత్తి మీదే ఉరిమింది. బావ నా మీద పడ్డాడు. నా ముఖాన్ని తెప్ప దుంగలకు అదిమిపెట్టి, తన ఒళ్ళంతా నా మీద కప్పి, తల ఎత్తకు, తల ఎత్తకు అంటున్నాడు. దుంగల సందుల్లోంచి ఉప్పునీళ్ళు ముక్కులోకీ నోట్లోకీ పోతున్నాయి. నాకు ఊపిరాడలేదు. చచ్చిపోతాననుకున్నాను. నన్ను చంపుతున్నాడనుకున్నానని మీకు చెబితే నాకు సుఖంగా ఉంటుంది. కానీ అలా అనుకోలేదు. నన్ను కాపాడుతున్నాడని నాకు అప్పుడే తెలుసు. తెలిసినా భయం తగ్గలేదు. ఉరుము పోయాక ఆయన లేచి, నా ముఖం తుడిచి, తెడ్డు అందుకున్నాడు.

మళ్ళీ ఆయనతో తెప్ప ఎక్కడం నా వల్ల కాదనిపించింది. భయమేస్తోందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంకెవరైనా ఆయనకు జత కుదిరేవారు. మా చెల్లికి కోపం వచ్చేది, నాలుగు రోజులు నవ్వేవారు, అంతే కదా? కానీ నడిసంద్రంలో గాలివానకు ఎదురు తెడ్డేసే మొనగాణ్ణని ఊళ్ళో నాకు పేరు. ఆ పేరు పోతుందని భయం. బావంటే భయం, పేరు పోతుందని భయం, రెండింటిలో ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మాలో ఆరబెట్టిన వలను దాటకూడదు. ఎంత తొందరున్నా చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే. దాటితే గంగమ్మకు కోపం, ఊళ్ళో ఏ వలకూ చేప పడదు. దాటినవాడు అమ్మవారి పండగ దాకా వల ముట్టకూడదు, తెప్ప ఎక్కకూడదు. ఆ రోజుల్లో ఊరందరికీ చేపలు పడడం లేదు. పెద్దలు రేవులో కూర్చుని ఎవరిది తప్పని విచారిస్తున్నారు. బావ వల దాటాడని నేను చెప్పాను. పొద్దున్నే దాటాడు, నా కళ్ళతో చూశాను అని చెప్పాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నా నోరు జారలేదండీ. ముందురోజంతా ఆలోచించుకునే అన్నాను.

ఆయన్ని పిలిపించారు. కోపం తెచ్చుకుంటాడు, నా మీదికి వస్తాడు, అప్పుడు చూశారా అనొచ్చు అనుకున్నాను. ఆయన కోప్పడలేదు. నా దగ్గరికి వచ్చి, మెల్లిగా అడిగాడు.

"నాను వల దాటీనానేటి బావా?"

"దాటినావు."

"నువ్వు సూసినావా?"

"సూసినాను."

ఆయన పెద్దలవైపు తిరిగాడు. "బావ సూసినాడంతే దాటే ఉంతాను. నాకు గేపకం నేదు. నా బుర్ర మీద నాకే నమ్మకం నేదు."

అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు.

పండగ దాకా అన్నారు గానీ పండగ అయ్యాక కూడా ఆయన్ని ఎవరూ తెప్ప ఎక్కించుకోలేదు. కడుపు కోసం తోటల్లో కూలికి పోయాడు. కాయలు దింపే రోజుల్లో చెట్టు మీంచి గెలలు గెలలుగా కాయలు పడుతుంటే ఆయన ఎన్నిసార్లని పడుకుంటాడు? రైతులు కొన్నాళ్ళు నవ్వారు, తరవాత రావద్దన్నారు. మా చెల్లి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పలాస దాకా తిరిగి పిల్లల్ని సాకింది. దాటకూడని వల దాటి మా నోట్లో మట్టి కొట్టాడని మొగుణ్ణి ఆడిపోసుకునేది. నేను ఆ ఇంటి అరుగు మీద కూర్చునే అది వినేవాణ్ణి.

అది కూడా అసలు సంగతి కాదు. అసలు సంగతి ఆ వరస తప్పడం. ఒకరోజు నన్ను ఆపి అడిగాడు. "బావా, ముక్కు కాడ సెయ్యెట్టి సూసినానని నీకు సెప్పినాను కదా. నిజంగా సూసినానా?" నేనక్కడ లేను కదా, నాకేం తెలుస్తుందన్నాను. "వల దాటిందే గేపకం నేనోడిని. ఆడు బతికుండగానే ఒగ్గేసి పారిపోనానేమో" అన్నాడు. ఆ తరవాత కనబడిన ప్రతిసారీ అదే ప్రశ్న. అడిగీ అడిగీ, కొన్నాళ్ళకు అడగడం మానేశాడు. బతికున్నవాణ్ణే వదిలేశానని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. యుద్ధం ఆయన్ని సగం తినేసింది, నిజమే. మిగతా సగం ఎవరు తిన్నారు?

నేనా పల్లెలో ఉండలేక ఉప్పు కొటారుకు పోయాను. సముద్రం మానేశాను. మా ఊళ్ళో దాన్ని ఎదుగుదల అనుకున్నారు.

జ్వరంతో పోయేముందు బావ నాకోసం కబురు పెట్టాడు. వెళ్ళాను. గుడిసెలో ఇద్దరమే ఉన్నాం. ఆయన చెయ్యి పట్టుకుని, ఎట్టకేలకు అనేశాను. "నువ్వు వల దాటనేదు బావా. నాను అబద్దమాడినాను. నీతో తెప్పెక్కడానికి నాకు బయ్యమేసింది."

నా చేతిని తట్టాడు. పెదవుల మీద ఆ తెప్ప మీది నవ్వే.

"నువ్వు మంచోడివి బావా. సచ్చిపోతన్నానని జాలిపడి అలగంతన్నావు."

కాదు, నిజం అన్నాను. ఇంకోసారి అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇంతలో మా చెల్లి గంజి పట్టుకుని లోపలికి వచ్చింది, ఏటి మాటాడుకుంతన్నారు అంది. ఆమె ముందు, గట్టిగా, ఆ మాటే ఇంకోసారి అనాలి. ఆమె వింటే ఆయనా నమ్మేవాడేమో. ఏమీ లేదన్నాను. గంజి గిన్నె అందుకుని పక్కన పెట్టాను.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఎవరికి తెలిసింది? మా చెల్లి ఇంకా ఉంది. మనవలకు వల చుట్టూ తిరిగి వెళ్ళమని చెబుతూ, మీ తాతలా దాటకండి అంటుంది. ఆ మాటకు పిల్లలు నా ముఖం చూసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఇదంతా రాశాక గుండెల మీద ఏదో కొంచెం జరిగినట్టుంది, కాదనను. ఆ తేలిక కూడా నాకు దక్కకూడదేమో. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాడు నన్ను మంచివాడనుకుంటూ పోయాడు. ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పేస్తాను. ఇన్నాళ్ళకు కాగితం మీద పెట్టే ధైర్యం ఎలా వచ్చిందని మీరనుకుంటున్నారేమో. మా చెల్లికి చదవడం రాదు.