పలికినట్టే వినిపించింది

రైలు సొరంగంలోకి దూరగానే అద్దాల పెట్టెలో కూర్చున్న టూరిస్టులు "ఓ..." అని అరుస్తారు. పిల్లలు మొదలుపెడతారు, పెద్దవాళ్ళు సిగ్గు విడిచి అందుకుంటారు. అరకు చూడడానికి వచ్చినవాళ్ళకి అదొక సరదా. సొరంగం గోడలో మనిషి నిలబడేంత గూళ్ళుంటాయి. రైలు వస్తుంటే పట్టాల పని చేసే మేమంతా తలా ఒక గూట్లోకి దూరి వీపు గోడకి ఆనించి నిలబడతాం. చల్లటి గాలి మొహాన కొడుతుంది. కాలిన బ్రేకుల వాసన, తడి రాతి వాసన కలిసి వస్తాయి. రైలు పోయాక కూడా ఆ కేక కాసేపు సొరంగంలోనే తిరుగుతుంటుంది. నిన్న ఆ కేకల్లో ఒక బొంగురు గొంతు అచ్చం సింహాచలం మేట్ గారి గొంతులాగే వినిపించింది. రైలు వెళ్ళిపోయింది. మా వాళ్ళు పలుగులు అందుకున్నారు. నేను మాత్రం వెంటనే గూట్లోంచి బయటికి రాలేకపోయాను.

ఆయన్ని మీరెవరూ ఎరగరు. రైలు కిటికీలోంచి చూసేవాళ్ళకి పట్టాల పక్కన నారింజ రంగు కోట్లు తొడుక్కుని నిలబడ్డవాళ్ళంతా ఒక్కలాగే కనిపిస్తాం. ఆ కోట్ల మధ్య ఒక బానపొట్ట, ఒక తెల్లమీసం, చేతిలో కర్ర ఉన్నాయనుకోండి, అదే సింహాచలం గారు. సాలూరు దగ్గర పల్లెటూరు ఆయనది. మా గ్యాంగుకి మేట్, అంటే పెద్ద. కొండ మీది రాయి కూడా తనని అడిగే దొర్లాలన్నట్టు ఉండేది ఆయన వాలకం. నేను పార్వతీపురం వైపు రైతు కుటుంబం నుంచి డిగ్రీ చదివి, పరీక్ష రాసి ఈ పనిలో చేరాను. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, "సదూకున్న గుంటవి, పలుగు బరువేటో తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. "తెలీదని సెప్పావు గదా, ఇంక పర్లేదు" అని పలుగు చేతిలో పెట్టాడు.

ఆ వారంలోనే ఒకరోజు రైలు వస్తుందేమోనని వంగి పట్టాకి చెవి ఆనించాను. ఆయన కర్రతో నా భుజం మీద తట్టాడు. "సినిమా సూసొచ్చావేటే గుంటా? సెవి కాదు, సెయ్యి ఎట్టు" అన్నాడు. అరచెయ్యి ఆనించాను. నాకేమీ తెలియలేదు. ఆయన పక్కన కూర్చుని నా చేతి పక్కనే తన చెయ్యి పెట్టాడు. కొంతసేపయ్యాక, "వొత్తంది, లే" అన్నాడు. మేం పక్కకి తప్పుకున్నాక చాలాసేపటికి గాని కూత వినపడలేదు. "సెవి అబద్దం సెప్తాది. సెయ్యి సెప్పదు" అన్నాడు. అబ్బ, ఎంత అనుభవం అనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అదే చెప్పేదాన్ని. ఆయన చెవిని ఎందుకు నమ్మడో అడగాలని తోచలేదు. అనుభవం అనే మాట ఉంది చూశారూ, దాని కింద మనుషులు ఎన్ని బాధలైనా దాచుకోవచ్చు.

పొద్దున్నే హాజరు పిలిచేటప్పుడు ఆయన కాగితం చూసేవాడు కాదు. కొండవైపు చూస్తూ అందరి పేర్లూ వరసగా పిలిచేవాడు. "ప్రెజెంట్ సార్" అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఉన్నోడు ఉన్నాననాల. ఆ ఇంగ్లీసు మాటేటి?" అనేవాడు. మాలో సుక్రు అనే అతను కొండమీది ఊరునుంచి కాలినడకన వచ్చేవాడు. వాన పడితే ఆలస్యం. అలాంటప్పుడు అతని స్నేహితుడు అప్పారావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సుక్రు గొంతుతో "ఉన్నాను" అనేవాడు. ఇద్దరి గొంతూ అతనే పలికేవాడు. మేట్ గారు తలూపి తరవాతి పేరుకి వెళ్ళిపోయేవాడు. పాపం, తెలిసీ తెలియనట్టు ఊరుకుంటున్నాడు, మనసు మంచిది అనుకునేవాళ్ళం. ఒకసారి అప్పారావే వెళ్ళి, "మేట్ గారూ, రేపు సెలవు గావాలి" అని అడిగితే, "అవునురా, ఈ ఏడు సలవ ఎక్కువగానే ఉన్నాది" అని మఫ్లరు సర్దుకున్నాడు. పొట్టలు పట్టుకుని నవ్వాం. సెలవు ఇవ్వకుండా తప్పించుకోవడంలో ఈయన్ని మించినవాడు లేడని ఆ మాటని చాలాకాలం చెప్పుకున్నాం.

ఒక ఏడు వచ్చిన తుఫాను కొండల్ని విడిచిపెట్టలేదు. సొరంగంలో కాలువకి అడ్డంపడ్డ రాళ్ళు తీస్తుంటే, మా వెనక కొండ కూలింది. అది చప్పుడులా లేదు. కాళ్ళ కింద నేల ఒక్కసారి మమ్మల్ని ఎత్తి దించినట్టయింది. అరకు వైపు ద్వారం మూసుకుపోయింది. రెండోవైపు పరుగెత్తాం. అక్కడ అప్పటికే మట్టి నిండిపోయి, పైన కప్పు దగ్గర మనిషి పాకి దూరేంత సందు మాత్రం మిగిలింది. అందులోంచి సన్నగా పగటి వెలుగు, వాన చప్పుడు వస్తున్నాయి. ఫోన్లు పనిచెయ్యలేదు.

అప్పుడు సింహాచలం గారు కర్రతో పట్టాని టంగుమని కొట్టాడు. "ఎవుడి గూట్లో ఆడు కూకోండి. టార్చి నాది ఒక్కటే ఎలుగుతాది. మీయి ఆపీండి. నాను పేరు పిలిస్తే పలకాల. అంతే. మిమ్మల్నందర్నీ ఇంటికి సేర్సీ పూచీ నాది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటతో నాకు ఊపిరి ఆడింది. చీకట్లో నా పేరు వినపడడం, "ఉన్నాను" అనడం, తరవాత మరొకరు "ఉన్నాను" అనడం అమ్మ పక్కన పడుకున్నంత ధైర్యంగా ఉండేది. దగ్గరున్న బిస్కెట్లు తుంచి తనే పంచాడు. తను తినలేదని తరవాత తెలిసింది.

కాని పొద్దు గడిచేకొద్దీ ఆ ధైర్యమే బరువైపోయింది. కాలు చాపుకుందామని లేస్తే కసిరేవాడు. ఎవరైనా ఏదైనా అడిగితే సంబంధం లేని జవాబు చెప్పేవాడు. "బయటోళ్ళకి మనం ఇక్కడున్నట్టు తెలుసంటారా?" అని ఒకరు అడిగితే, "నీళ్ళకేటి, కారతానే ఉన్నాయి గదా" అన్నాడు. రోజూ హాజరు దగ్గర నవ్వించిన మాటలే అక్కడ ఒళ్ళు మండించాయి. మనల్ని లెక్కచెయ్యడం లేదని గొణుక్కున్నాం. ఆ గొణుగుడు కూడా వినపడక, అంతా తన మాట మీదే ఉన్నారనుకుని ఆయన తలూపేవాడు. మాటకి మాట దొరకనప్పుడల్లా మళ్ళీ పేర్లు పిలిచేవాడు.

సుక్రు లేచి ఆయన దగ్గరికి వెళ్ళాడు. "మేట్ గారూ, మా ఇల్లు ఈ కొండ కిందే ఉన్నాది. ఆడమనిషి ఒక్కత్తే ఉంది. ఆ సందులోంచి నాను ఎల్లిపోతాను" అన్నాడు. ఆ మాట మాత్రం ఆయనకి ఎలాగో అర్థమైంది. సందువైపు చూపిస్తున్న చెయ్యే చెప్పి ఉంటుంది.

"కొండ ఇంకా కూకోలేదురా. కూకున్నాక ఎల్దువుగాని."

"ఎప్పుడు కూకుంటాది?"

"నాను సెప్పినప్పుడు."

అప్పారావు చీకట్లోంచి, "ఇప్పుడు ఈరు కొండకి కూడా మేట్ అయిపోనారు" అన్నాడు. అందరూ నవ్వారు. సుక్రు నవ్వలేదు. ఇప్పటికీ అనిపిస్తుంది, "నాకూ తెలీదురా, నాకూ భయంగానే ఉంది" అని ఆయన ఒక్క మాట అని ఉంటే సుక్రు కూర్చునేవాడేమో అని. కొండ కదులుతోందన్నమాట నిజమే. ఆయన చెప్పింది నిజం, చెప్పిన తీరు తప్పు. పెద్దరికం పోతే గ్యాంగు చెదిరిపోతుందని ఆయన భయం.

ఆ తరవాత ఒకసారి పేర్లు పిలిచాడు. "సుక్రూ!" "ఉన్నాను." నా గూడు దూరంగా ఉంది. నాకూ అది సుక్రు గొంతులాగే వినపడింది. అందరూ పలికాక ఆయన పెద్దగా నిట్టూర్చి, "అందరూ ఉన్నారు. ఇంకేటి గావాలి మనకి" అన్నాడు. ఇంకొంచెంసేపటికి సందు వైపు మట్టి మళ్ళీ జారింది. వెలుగు ఆరిపోయింది. ఆయన వెంటనే పేర్లు పిలిచాడు. అందరూ పలికారు. సుక్రు కూడా పలికాడు. "సూసారా, ఎల్లుంటే ఏటయ్యేది?" అని ఆయన సంతోషంగా అన్నాడు.

మళ్ళీ పిలిచినప్పుడు సుక్రు పేరు దగ్గర జవాబు రాలేదు. అప్పారావు గూట్లోంచి జారి బురదలో కూలబడ్డాడు. "ఇందాకటినుంచి నానే పలికాను మేట్ గారూ. ఆడు ఎల్లిపోనాడు. దాటీసుంటాడనుకున్నాను" అని ఏడ్చాడు. మేట్ గారు, "ఏటి?" అన్నాడు. అప్పారావు మళ్ళీ చెప్పాడు. "ఏటిరా?" అన్నాడు. నేను పరుగున వెళ్ళి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచాను. ఆయన ఉలిక్కిపడలేదు. నన్ను వెనక్కి జరిపి, నా మొహం మీద టార్చి వేశాడు. వెలుగు నా కళ్ళ మీద పడలేదు, పెదాల మీద పడింది. "ఇప్పుడు సెప్పమ్మా" అన్నాడు.

అప్పుడు నాకు అన్నీ అర్థమయ్యాయి. పట్టా మీద చెయ్యి, సలవ ఎక్కువన్న మాట, పొద్దున్న హాజరు, అన్నీ. ఎవరో పలికారని లీలగా చప్పుడు తెలిసేదేమో గాని, ఏ మాటో, ఎవరి గొంతో ఆయనకి తెలిసేది కాదు. నేను నెమ్మదిగా, పెదాలు కదిపి, సుక్రు వెళ్ళిపోయాడని చెప్పాను. ఆయన టార్చి నా చేతిలో పడేసి మట్టి మీదికి ఎక్కేశాడు. "బేగి రండి, బేగి తవ్వండి!" అని కేకలేస్తూ వట్టి చేతులతో లాగడం మొదలుపెట్టాడు. మధ్యమధ్య ఆగి, మట్టికి అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఏమైనా తెలుస్తుందేమోనని మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్ళం. చివరికి బయటినుంచి వచ్చినవాళ్ళే దారి తెరిచారు. సుక్రు ఆ మట్టిలోనే ఉన్నాడు. మట్టి జారగానే తవ్వి ఉంటే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు. అతని ఇంటికి మాత్రం ఏమీ కాలేదు.

విచారణకి వచ్చిన అధికారుల ముందు సింహాచలం గారు అప్పారావు పేరు ఎత్తలేదు. "నాకు సెవులు ఇనపడవు బాబూ. గ్యాంగులోంచి తీసి ఆపీసు బల్ల మీద కూకోబెడతారని సెప్పలేదు. తప్పు నాది" అన్నాడు. ఏ బల్లకి భయపడ్డాడో ఆ బల్ల మీదే కూర్చోబెట్టారు. ఆ బల్ల దగ్గరికి పోకముందు ఆయన ఒకసారి సుక్రు ఇంటికి వెళ్ళాడు. పెదాలు చూసినా మాట తెలియకపోతే చెప్పడానికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. సుక్రు భార్య లచ్మి గుమ్మం దగ్గర నిలబడింది. తిట్టలేదు, కూర్చోమనలేదు.

"నా మనిసిని పిలిసావా?" అని అడిగింది.

"పిలిసాను తల్లీ."

"పలికాడా?"

ఆయన ఆమె పెదాలనే చూస్తున్నాడు. ఆ మాట నేను మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. "పలికినట్టే ఇనిపించింది" అన్నాడు. లచ్మి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తిరిగి వస్తూ కొండదారిలో ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. తన ఏడుపు తనకి వినపడక కాబోలు, ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో ఆయనకి తెలియలేదు. సంతకి వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు.

కొన్నేళ్ళకి నేనే మేట్ అయ్యాను. ఆయనకి బాగాలేదని తెలిసి సాలూరు దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాను. చూపు కూడా ఆనడం లేదు. మంచం మీద పడుకుని, కొండవైపు మొహం తిప్పి, పాత గ్యాంగు పేర్లు వరసగా పిలుస్తున్నాడు. "రోజూ ఇదే వరస" అంది ఆయన కూతురు. నా పేరు వచ్చింది. పలికితే వినపడదు కదా, ఆయన చెయ్యి పట్టుకుని నొక్కాను. మొహం వెలిగింది. నేనేనని తెలుసుకున్నాడు. తరవాతి పేరుకీ అలాగే నొక్కాను, ఆ మనిషి గ్యాంగులో క్షేమంగానే ఉన్నాడు గనక. "సుక్రూ" అన్నాడు. చెయ్యి నా చేతిలోనే ఉంది. కొంచెం నొక్కితే చాలు, ఆయన సుఖంగా నిద్రపోతాడు. నొక్కాలని నాకు ఎంతో ఆశగా అనిపించింది. కాని నొక్కలేదు. ఆయన చాలాసేపు ఎదురుచూశాడు. "లేడు" అన్నాడు తనలో తను. తరవాత, "అప్పారావూ" అన్నాడు. నొక్కాను.

ఇప్పుడు మా గ్యాంగులో హాజరు నోటితో పిలిచి ఊరుకోను. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి పేరు పిలుస్తాను. "ఈవిడేటి, మనల్ని రైలు పట్టాలనుకుంటన్నాదా?" అని కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. అప్పారావు మాత్రం నవ్వడు. జుట్టు నెరిసింది, అయినా వరసలో తన చోటు మార్చలేదు, పక్కన సుక్రు నిలబడే చోటు ఖాళీగా ఉంచుతాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి పిలిచినప్పుడు వెంటనే పలకడు. పలికేదాకా నేను చెయ్యి తియ్యను.