ఉప్పునీటి ఆవిరికి నరసరావుపేట దాకా

మాచర్ల బస్టాండులో తువ్వాలుకున్న గౌరవం మనిషికి లేదు. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు సీట్ల మీద పడతాయి. వాటి తాలూకు మనుషులు టీ తాగి తీరిగ్గా వస్తారు.

నాకు తువ్వాలు అవసరం పడదు. నేను దగ్గుతాను. ఉదయం ఆరుంబావు బస్సు కిక్కిరిసి ఉన్నా నా పక్కసీటు గురజాల దాకా ఖాళీయే. అక్కడ ఎక్కిన ఒక పెద్దమ్మ అదృష్టమనుకుని కూర్చుంది. రెండు దగ్గులు ఓర్చుకుంది. మూడోదానికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని టీబీయా అని అడిగింది. కాదు, పుట్టుకతో వచ్చింది, అంటదు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటారని చెప్పాను.

"పేరే అంత పొడుగుంటే రోగం ఎంతుండాలి నాయనా" అని లేచి, పిడుగురాళ్ల దాకా నిలబడే వచ్చి దిగిపోయింది.

మామూలుగా ఊపిరితిత్తుల్లో పల్చగా ఉండే తేమ నాకు జిగురై పేరుకుంటుంది. ఆస్తమా అన్నారు, రెండుసార్లు టీబీ మందులు మింగించారు. అసలు పేరు తెలిసేసరికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండాయి. ఇప్పుడు ముప్పై రెండు. ఈ ప్రయాణం ఆ జిగురును కరిగించే ఉప్పునీటి ఆవిరి కోసం. మొదటి మోతాదు డాక్టరు ఎదుటే పీల్చాలి. ఛాతీ పట్టేసి, గొట్టంలో ఊదినప్పుడు వచ్చే అంకె బాగా పడిపోతే ఆ మందు నాకు లేనట్టే. దాని తర్వాత నాకు అందే మందు ఇంకోటి లేదని డాక్టరు ముందే చెప్పారు.

సున్నపు బట్టీల దుమ్ముకు కిటికీ మూసుకుని, నకరికల్లు దాటి, తొమ్మిదికి నరసరావుపేటలో దిగాను. ఎక్కువ తింటే దగ్గుతో పాటు బయటికొస్తుందని రెండు ఇడ్లీలతో సరిపెట్టుకున్నాను. వెళ్ళేవాళ్ళకు నా సలహా కూడా అదే.

పదింటికి ఆసుపత్రిలో, ముందుగా ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్చి, పావుగంట ఆగి, గొట్టంలో ఊదాను. నర్సమ్మ అంకె రాసుకుంది. తర్వాత వచ్చిన మిషను పంక్చర్ షాపు కంప్రెసర్‌కు మనవడిలా ఉంది. అందులో పోసిన నీళ్ళు సముద్రం కంటే రెట్టింపు ఉప్పన. ఈ రోగం వల్ల చెమట ఆరితే చొక్కా మీద ఉప్పు చారలు తేలే మనిషిని నేను. నాకు ఉప్పు మందవుతుందని ఎవరనుకుంటారు?

గొంతు మండింది. ఛాతీ బిగిసింది. నర్సమ్మ మిషను మీద చెయ్యి వేసి నా ముఖం చూస్తూ నిలబడింది. ఆపమని నేను అనలేదు. ఇరవై నిమిషాల తర్వాత దగ్గు మొదలైంది. ఈ దగ్గు వేరు, ఇది జిగురును బయటికి తెచ్చే, పని చేసే దగ్గు. అప్పుడు తెలిసింది, తువ్వాలు ఎందుకు తెచ్చుకోవాలో.

మళ్ళీ ఊదాను. అంకె పడలేదు. డాక్టరు చీటీ రాస్తూ, నయం కాదు, శుభ్రమవుతుంది, రోజూ రెండుపూటలా బతికున్నన్నాళ్ళూ పీల్చాలన్నారు.

బయట మెట్ల మీద నిలబడి ఊపిరి పీల్చాను. అది లోపలికి వెళ్తూనే ఉంది. అద్దెకున్న ఇంట్లో తాళం వేసిన గది ఒకటి ముప్పై ఏళ్ళ తర్వాత తెరుచుకుంటే ఇలాగే ఉంటుందేమో. లోపల ఇంత చోటుందని నాకెవరూ చెప్పలేదు. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడుతూనే ఇంకో పదిసార్లు పీల్చి చూశాను.

రెండింటి మాచర్ల బస్సులో కిటికీ సీటు దొరికింది. పిడుగురాళ్ల దాకా ఒక్క దగ్గు లేదు. పక్కన ఒకాయన నా భుజం మీద వాలి నిద్రపోయాడు కూడా. పిడుగురాళ్లలో జనం తోసుకుంటూ ఎక్కారు. వాళ్ళలో పొద్దుటి పెద్దమ్మ ఉంది. నా ముందుకొచ్చి నిలబడి, ఎగాదిగా చూసింది. గుర్తుపట్టలేదు.

"ఏమయ్యా, ఏ రోగమూ లేనోడివి, ముసల్దాన్ని నిలబెట్టి కూకున్నావేంది? లెయ్."