గుట్ట మీద చెప్పిన మాట

నా చిన్నప్పుడు, ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి వెనక ఉన్న గుట్ట ఎక్కడానికి అమ్మ ఒప్పుకునేది కాదు. అంతా బండలు, ముళ్ళ తుప్పలు, పాములుంటాయని భయం. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు లేచాయి. ఆ గుట్ట పైదాకా నేను వెళ్ళింది ఒక్కసారే, తొమ్మిదేళ్ళ వయసులో, ఎండాకాలం సెలవుల్లో.

మాది గుంటూరు వైపు. నాన్న సినిమా సెట్లకు వడ్రంగి పని చేసేవాడు. ఆ వేసవిలో అమ్మకు కామెర్లు ముదిరితే ఆసుపత్రిలో చేర్చారు. నాన్న రాత్రింబవళ్ళు అక్కడే ఉండేవాడు. నన్నూ, ఐదేళ్ళ తమ్ముణ్ణీ పక్కింటి అక్క చూసుకునేది. ఆమె జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీనులో అక్షింతలు వేసే గుంపులోనో, చావు సీనులో ఏడ్చే గుంపులోనో కనిపించేది.

ఒక మధ్యాహ్నం నాన్నతో పనిచేసే ఆయన వచ్చి, గుమ్మం బయటే నిలబడి అక్కతో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. అక్క చాలాసేపు పెరట్లోనే ఉండిపోయింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి నాకు జడ వేసింది. తమ్ముడికి ఉతికిన చొక్కా తొడిగింది.

"నడువుండ్రి, గుట్టెక్కి పొద్దు గుంకేది చూద్దాం" అంది.

అమ్మ తిడుతుందన్నాను. వినిపించుకోలేదు.

పైన బండ ఇంకా వేడిగానే ఉంది. ఎడమవైపు దూరంగా గోల్కొండ కోట, ఎదురుగా ఎర్రబడుతున్న సూర్యుడు. అక్క డైరెక్టరు తిట్టే తీరునూ, హీరోయిన్ గొడుగు కింద నడిచే తీరునూ చేసి చూపించింది. తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. అంతలో వాడు, "అమ్మ రాగానే ఇవన్నీ చెప్తా" అన్నాడు. అక్క అటు తిరిగి నిలబడింది.

సూర్యుడు పూర్తిగా దిగిపోయాక మమ్మల్ని చెరోవైపు కూర్చోబెట్టుకుంది.

"మీ అమ్మ ఇగ లేదు బిడ్డా. పొద్దున దవాఖానల పానం పోయింది. రేపు మట్టి చేస్తరు. మీకు చెప్పొద్దు, ఊరికి పోయిందని చెప్పుమని నాయిన కబురు పంపిండు. నాతోని కాదు."

తమ్ముడికి అర్థం కాలేదు. నాకు మాత్రం ఒక్కటే తోచింది.

"నీకు తెలుసా? తెలిసే మమ్మల్ని నవ్వించావా?"

రెండు చేతులతో అక్కను కొట్టాను. ఆపలేదు, పక్కకు జరగలేదు. నేను అలిసిపోయాక అంది: "వాడు మళ్ళ గట్ల ఎప్పుడు నవ్వుతడో ఏమో. ఈ ఒక్క పొద్దు నవ్వనీయాలనుకున్న."

అమ్మను మోతీనగర్‌లో మా పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. తెల్లారగానే అక్క మమ్మల్ని బస్సులో అక్కడికి తీసుకెళ్ళింది. మమ్మల్ని చూసి నాన్న, "ఎందుకు తెచ్చావు?" అని అందరిముందూ అరిచాడు.

"వాళ్ళ అమ్మ గదా, అన్నా. చూసుకోనియ్యి" అని, అక్క గోడవారగా వెళ్ళి నిలబడింది.

నాన్న వచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుని, అమ్మను పడుకోబెట్టిన పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను అమ్మ నుదుటి మీద చెయ్యి వేశాను. తమ్ముడు ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో మేమెవరం అడగలేదు.

ఆ తర్వాత మేము పెద్దమ్మ ఇంట్లోనే ఉండిపోయాం. అక్క రెండుసార్లు చూడడానికి వచ్చింది. ఆ నవ్వుల కోపం పోక నేను బయటికి రాలేదు. లోపలి గదిలో కూర్చుని, ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయే చప్పుడు విన్నాను. మూడోసారి రాలేదు. నాకు బుద్ధి వచ్చి వెతికేసరికి ఫిల్మ్‌నగర్‌లో ఆమె ఇంట్లో వేరేవాళ్ళున్నారు. ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఆమె చెప్పకపోయి ఉంటే, నాన్న మీద ప్రేమ ఉన్నా, ఆ అబద్ధం బయటపడ్డాక ఆయన మాట మీద నాకు జన్మలో నమ్మకం ఉండేది కాదు. అమ్మ ఏ ఊరికి వెళ్ళిందో అని వీధిలో ఎదురుచూస్తూ పెరిగేవాళ్ళం. ఇది గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆమెకు ఒక్క మాటైనా చెప్పలేకపోయాను.

మా బంధువుల్లో ఏ ఇంట్లోనైనా పిల్లలకు ఇలాంటి కబురు చెప్పాల్సి వస్తే పెద్దలు నన్నే పిలుస్తారు. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చెప్పాక వెంటనే లేచి వచ్చెయ్యను.