ఐదు వారాల తర్వాతి నడుం కొలత

గుంపులో నిలబడీ నిలబడీ, డెబ్బై ఏళ్లకు ఫిల్మ్ నగర్‌లో నాకు తొలిసారి డైలాగున్న వేషం దొరికింది. జమీందారు! షూటింగ్‌కు ఐదు వారాలుంది.

మాదాపూర్ ఐటీ కంపెనీలో పనిచేసే మనవరాలు నా ఫోన్‌లో కేలరీల యాప్ పెట్టింది. తిన్నవన్నీ రాస్తే, "రోజూ ఇలాగే తింటే ఐదు వారాల్లో డెబ్బై ఆరు కిలోలు" అని జోస్యం చెప్పేది. అప్పుడు నా బరువు ఎనభై రెండు. ఆ ధీమాతో కోటు కొలతలు తీస్తున్న కాస్ట్యూమర్ యాదగిరితో నడుం దగ్గర మూడంగుళాలు తగ్గించమన్నాను.

షూటింగ్ రోజు కోటు తొడుక్కుని కూర్చోగానే బొత్తాం తుపాకిగుండులా ఎగిరి డైరెక్టర్ కళ్లద్దాలు పగలగొట్టింది!

"ఏంది తాతా, గిది మనవడి కోటా?" అన్నాడు యాదగిరి.

"యాప్ మోసం చేసింది బిడ్డా! వేషం పోతదా?"

"ఫికర్ జెయ్యకు. ఎనక చింపి పిన్నులు పెడ్త. కెమెరాకు జర వీపు సూపకు."

అలాగే డైలాగు చెప్పేశాను. చప్పట్లే చప్పట్లు!

నిజం చెప్పొద్దూ, చప్పట్లు కొట్టింది యాదగిరి ఒక్కడే. బొత్తాం నా కాళ్ల దగ్గరే పడింది. యాప్ మోసమూ చెయ్యలేదు. సాయంత్రం మిర్చి బజ్జీలు నేనే రాయలేదు. పైగా తగ్గుతానన్న అంకె చూసిన సంబరంలో రెండు ఎక్కువే లాగించేవాణ్ణి.

ఇప్పుడు అన్నీ రాస్తున్నాను. ఐదు వారాల్లో ఎనభై ఎనిమిది అంటోంది. ఈసారి పూర్తిగా నమ్మి, రెండో వేషానికి కోటు వదులుగా కుట్టమన్నాను.