విన్నవాళ్లకు చట్నీ లేదు

సంతోషమ్మ రోజూ తెల్లవారగానే ప్రార్థన చేసుకుని, పొయ్యి అంటించి, పెనం ఎక్కించేలోపు ఒక పలక తుడిచేది. పుల్లలచెరువు బస్టాండు పక్కన దోసెల బండి ఆమెది. ముప్పై ఏళ్లు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించిన మనిషి కనుక పలకలకు కొదవలేదు. నడిమికి గీత గీసి ఇటు ‘చూసింది’, అటు ‘విన్నది’ అని రాసేది. ఎవరే కబురు తెచ్చినా ఏదో ఒక వైపు పడాల్సిందే. చూసిన కబురుకు అల్లం చట్నీ. విన్న కబురుకు ఉత్త దోసె.

ఈ చట్టం కింద అందరికన్నా ఎక్కువగా నష్టపోయినవాడు నీళ్ల ట్యాంకరు నడిపే ఆదిశేషు. ఆ చట్నీ అంటే ప్రాణం. ఊరూరూ తిరిగే నోరు మాత్రం ఊరుకోదు. దొనకొండలో వాన పడిందట అన్నందుకు కూడా ఒకరోజు ఉత్త దోసె తిన్నాడు.

అంతలో ఎరువుల దుకాణం వాళ్ల ఇంట్లో నగలు పోయాయి. అక్కడ పనిచేసే మల్లి మీద కేసు పడింది. రుజువల్లా ఎదురింటి కెమెరాలో, పదీ పదికి, సంచితో గేటు దాటుతున్న ఒక ఆడమనిషి వీపు. టీవీవాళ్లు ఆ వీపు చుట్టూ ఎర్ర గుండ్రం గీసి వారంపాటు తిప్పి తిప్పి చూపించారు. ఆ సమయంలో తాను ఊరి చివర ట్యాంకరు దగ్గరున్నానని మల్లి మొత్తుకున్నా నమ్మిన పోలీసు లేడు. పనికి పిలిచే ఇల్లు లేదు. రేపో మాపో జైలు. ఇంట్లో ఇద్దరు పిల్లలు.

బండి దగ్గర జనం రెండుగా చీలిపోయారు. మల్లి దొంగే అన్నవాళ్లకు చట్నీ పోయింది. అట్లాంటి మనిషి కాదన్నవాళ్లకూ పోయింది. చివరికి మల్లి వీధిలోనే ఉండే సుబ్బులు ధైర్యం చేసింది.

“ఆ పొద్దు మల్లి ట్యాంకరు కాడ నా ముందరే వరసలో ఉన్నింది పెద్దమ్మా.”

“మల్లిని చూసినావా, మల్లి బిందెను చూసినావా?”

అక్కడ వరసలో నిలబడేది బిందెలే, మనుషులు నీడన కూర్చుంటారు. “బిందెనే,” అని ఒప్పుకుని సుబ్బులు ఉత్త దోసె తీసుకుంది.

పక్కనే నములుతున్న ఆదిశేషు నోరు ఆగిపోయింది. “అత్తా, నేను మల్లినే చూసినా. పైపు జారి నన్ను తడిపేస్తాంటే పట్టుకునింది ఆమే.”

“ఏ రోజు?”

అదే గుర్తులేదు. కానీ బిల్లు కోసం ప్రతి ట్రిప్పుకూ తేదీ, సమయం పడేలా అతను ఫోటో తీసి పంపాలి. ఫోను వెతికితే దొరికింది. పైపు పట్టుకుని నవ్వుతున్న మల్లి, కింద అదే తేదీ, అదే పదీ పది.

సంతోషమ్మ పొయ్యి ఆర్పేసి, పలక చంకన పెట్టుకుని ట్యాంకరెక్కింది. హారన్ కొట్టుకుంటూ స్టేషనుకు పోయారు. నాలుగో రోజున కేసులోంచి మల్లి పేరు కొట్టేశారు. బస్టాండులో టపాసులు పేలాయి. ఎర్ర గుండ్రం వాళ్లే మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, మల్లి తప్పు చేయలేదని మీకు మొదటినుంచీ తెలుసా అంటూ.

“తెలీదు నాయనా. తెలీదు గనకనే అడిగినా,” అని సంతోషమ్మ వాళ్లకు దోసెలిచ్చింది. ఉత్తవి.

ఆదిశేషుకు మాత్రం గిన్నెడు చట్నీ పెట్టింది. వేలితో గిన్నె నాకుతూ అతను ఎన్నాళ్లుగానో ఉన్న అనుమానం బయటపెట్టాడు. ఇంతమందికి ఎగ్గొట్టిన చట్నీ రోజూ ఎక్కడికి పోతోందని.

“మా ఇంటికే అన్నా,” అంది పక్కనే ఉన్న మల్లి. “పెద్దమ్మ దోసెలతో కలిపి పంపేది. పిల్లోళ్లు అదే తిన్నారు ఇన్నాళ్లూ.”

తన నోటి దురద ఇద్దరు పిల్లల కడుపు నింపిందని తెలిసి ఆదిశేషు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సంతోషమ్మ ఇదేమీ విననట్టు పలక తుడుస్తోంది. ‘విన్నది’ వైపు ఆ రోజు ఖాళీ.

“మల్లీ, నాకొక సాయం చెయ్యాల,” అంది. “అందరూ చూసిందే చెప్పబట్టినారు. చట్నీ చాలడంలే. రేపటినుంచి వచ్చి నువ్వు రుబ్బిపెట్టు.”