ఖలాస్ అంటే ఆగే కాలు

దేవన్నకు బహ్రెయిన్ మీద ఉన్న కోపాల్లో మొదటిది, ఆ దేశానికి ఎత్తు లేకపోవడం. జగిత్యాల పక్క పల్లెలో పుట్టినవాడు. అక్కడ ఇంటి వెనక తలుపు తీస్తే గుట్ట. పన్నెండేళ్లుగా ఉంటున్న ఈ దీవిలో ఎటు చూసినా అరచేయి లాంటి నేల. సైకిలు తొక్కేవాడికి ఇంకేం కావాలని ఎవరైనా అన్నారంటే, వాళ్లు ఎన్నడూ ఎదురుగాలిలో తొక్కలేదని అర్థం. గుట్టకైతే ఒక కొస ఉంటుంది. ఎక్కితే అయిపోతుంది. ఈ గాలికి కొస లేదు. పోయేటప్పుడు ఎదురొచ్చింది, వచ్చేటప్పుడైనా వీపు మీద చెయ్యేసి తోస్తుందిలే అనుకుంటాడు. అతను వెనక్కి తిరిగేసరికి అదీ తిరుగుతుంది.

అతనిది నువైద్రాత్ దగ్గర క్యాంపు. పని, కట్టే బిల్డింగులకు ఇనుప సలాకలు వంచి బైండింగు వైరుతో ముడులు వేయడం. పన్నెండేళ్లలో వేసిన ముడులకు లెక్క లేదు. తాను సలాకలు కట్టిన ఏ బిల్డింగు పైకీ, అది పూర్తయ్యాక, అతను ఎక్కలేదు. రంగులు వేసి అద్దాలు బిగించాక గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడు, ఎవరు కావాలని అడుగుతాడు. ఎవరూ అక్కర్లేదు, పైకెక్కి ఒకసారి చూసి దిగుతానంటే ఎవరు వింటారు?

సైకిలు జుఫైర్‌లో దొరికింది. ఒక అపార్ట్‌మెంటులో పగిలిన గోడ బాగుచేయడానికి పోయినప్పుడు, సామాన్ సర్దుకుంటున్న తెల్లాయన తీసుకుపొమ్మని ఇచ్చాడు. వంగిన కొమ్ముల్లాంటి హ్యాండిలు, వేలెడు మందాన టైర్లు, చేతిలో తేలిపోయేంత తక్కువ బరువు. ఇంతకన్నా అదృష్టం ఏముంటుందని మోసుకొచ్చాక తెలిసింది, ఇచ్చినవాడు ఆరడుగుల మనిషని, తాను అయిదడుగుల నాలుగంగుళాలని. సీటును ఇక దిగనంత కిందికి దించినా, పెడలు అడుక్కి పోయిన ప్రతిసారీ నడుము పక్కకి ఒరగాలి. గదిలో పక్క మంచం మీద పడుకునే గంగాప్రసాద్ స్వయానా బామ్మర్ది. బావను ఆటపట్టించడం వాడికి జన్మహక్కు. సైకిలును బావ తొక్కుతున్నాడా, సైకిలే బావను ఎత్తుకుని తిప్పుతున్నదా అని క్యాంపంతా చెప్పి నవ్వించాడు.

అయినా శుక్రవారం తెల్లారేసరికి దేవన్న రోడ్డు మీద ఉండేవాడు. మొదట్లో సైటులో పెట్టుకునే పసుపు హెల్మెటు, ఇనుప ముక్కు బూట్లు. రంగుల బనీన్లు వేసుకున్న సైకిలు క్లబ్బు వాళ్లు గుంపుగా దాటిపోతూ చెయ్యూపేవాళ్లు. ఒకరోజు వాళ్లలో పెద్దాయన హసన్, రిటైరైన బహ్రెయినీ బడి మాస్టారు, ఆగి నీళ్లిచ్చాడు. మరుసటి వారం ఒక పాత సైకిలు టోపీ కూడా తెచ్చిచ్చాడు. గుట్ట సంగతి చెప్పిందీ ఆయనే.

ఈ దేశానికంతటికీ చెప్పుకోదగ్గ ఎత్తు ఒక్కటే, జబల్ దుఖాన్. నూటయాభై మీటర్లు కూడా లేదు. దేవన్న ఊళ్లో దాన్ని గుట్ట అని పిలవడానికి కూడా ఆలోచిస్తారు. ఏడాదికి ఒక్క శుక్రవారం క్లబ్బు వాళ్లు అనుమతి తీసుకుని దాని మీదికి తొక్కుతారు. పైన ఒక ఇనుప గుంజకు పాత సైకిలు గంట కట్టి ఉంటుంది. అడుగు నుంచి కొస దాకా కాలు కింద పెట్టకుండా ఎక్కినవాళ్లే ఆ గంట కొట్టాలి. కాలు పెట్టినవాడు దాన్ని ముట్టుకోకూడదు. బహుమతి లేదు, పతకం లేదు. ఆ గంట చప్పుడు ఒక్కటే.

అది దేవన్న మనసులో పడింది. ఫోనులో భార్య జమునకు చెబితే, గల్ఫంతా దుబాయే అనుకునే ఆమె దెప్పింది.

"ఈడున్నప్పుడు గుట్ట మీది మల్లన్న కాడికి రమ్మంటె మోకాళ్లు నొస్తున్నయంటివి. దుబాయి పోయి గుట్టలెక్కుతున్నవా?"

గంట కొట్టి ఆ చప్పుడు నీకు ఫోనులో వినిపిస్తానన్నాడు దేవన్న. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని గంగాప్రసాద్ పక్క నుంచి అందుకున్నాడు.

మొదటి ఏడాది సగం ఎత్తులో చైను ఊడింది. పెడళ్ల దగ్గరుండే రెండు పళ్లచక్రాల్లో చిన్నదాని మీదికి చైనును దింపబోతే, అది మొత్తంగా దిగి కూర్చుంది. కాలు నేల మీద పడింది, కథ ముగిసింది. రెండో ఏడాది గుట్ట దాకా పోనే లేదు. కాంక్రీటు పోసే రోజు మారి, సరిగ్గా ఆ శుక్రవారమే ఓవర్‌టైం పడింది. వద్దనడానికి లేదు. మూడంతస్తుల మీద సలాకలు కడుతూ, ఆ రోజంతా గుట్ట ఉన్న దక్షిణం దిక్కే చూశాడు.

ఇది మూడో ఏడాది, ఇదే ఆఖరు. ప్రాజెక్టు అయిపోవచ్చింది. వచ్చే నెలలో వీసా రద్దు చేసి ఇంటికి పంపుతామని కంపెనీ చెప్పేసింది. ఇప్పుడు ఎక్కకపోతే ఎన్నటికీ లేదు.

తయారీ అంటే అదొక పెద్ద రామాయణం. ఎక్కి నేర్చుకోవడానికి ఎత్తు ఏది? సిత్రా వైపు వంతెన ఒక్కటే. దాన్నే పదిసార్లు ఎక్కి పదిసార్లు దిగేవాడు. లారీలు హారన్లు కొట్టేవి. నయీమ్‌లో సైకిళ్లు బాగుచేసే కరీం భాయ్, గేరు మార్చే మీట అరిగిపోయింది, ఈ మోడలుకు ఇప్పుడు సామాన్ రాదు అని చేతులెత్తేశాడు. దేవన్నకు ఒళ్లు మండింది. క్యాంపుకొచ్చి, జేబులోంచి బైండింగు వైరు తీసి, చైను చిన్న చక్రం మీద నుంచి కదలకుండా గేరును ఫ్రేముకు బిగించి ముడి వేశాడు. ఆ ముడి మీద అతనికి నమ్మకం ఉంది. అలాంటి ముడుల మీదే ముప్పై అంతస్తులు నిలబడ్డాయి మరి.

ఆ శుక్రవారం గాలి కూడా ఎందుకో దయతలచింది. గంగాప్రసాద్ నీళ్ల పెట్టెలు మోస్తానని చెప్పి క్లబ్బు వాళ్ల బండిలో ముందే పైకి పోయాడు. వీడియో తీసి అక్కకు పంపే బాధ్యత వాడిది. దేవన్న అడుగున మొదలుపెట్టాడు. సగం దాకా ఊపిరి అదుపులోనే ఉంది. మలుపు తిరిగాక రోడ్డు నిటారుగా లేచింది. నడుము ఆ పక్కకీ ఈ పక్కకీ ఒరుగుతోంది, తొడలు మండుతున్నాయి, కళ్లల్లోకి చెమట కారుతోంది. చైను ఊడలేదు. ముడి కదల్లేదు. తలెత్తితే ఇనుప గుంజ, గుంజకు గంట, గంట పక్కన ఫోను పట్టుకున్న బామ్మర్ది. పదిహేను గజాలుంటుంది.

రోడ్డు పక్కన హసన్ నిలబడి ఉన్నాడు. దేవన్నను చూసి ఆయనకు సంతోషం పట్టలేదు. రెండు చేతులూ పైకెత్తి గట్టిగా అరిచాడు.

"ఖలాస్! ఖలాస్!"

దేవన్న రెండు బ్రేకులూ నొక్కి ఎడమ కాలు కింద పెట్టాడు.

ఆ కాలు ఎందుకు దిగిందో చెప్పాలంటే పన్నెండేళ్లు వెనక్కి పోవాలి. వచ్చిన మొదటి నెలలో, ఫోర్‌మన్ యూసుఫ్ భాయ్ పని ఆపమని ఖలాస్ అన్నాక, ఇంకొక్క ముడే కదా అని దేవన్న వంగాడు. క్రేను తెచ్చిన సలాకల కట్ట వెంట్రుకవాసిలో అతని తల మీదుగా పోయింది. యూసుఫ్ అతని చొక్కా పట్టి ఇవతలికి గుంజి, హెల్మెటు మీద ఒక్కటి వేశాడు. ఖలాస్ అంటే ఖలాస్, ఎక్కడి చెయ్యి అక్కడ ఆగాలి అన్నాడు. ఆనాటి నుంచి ఆ మాట చెవిన పడితే దేవన్న చెయ్యి గాలిలో ఉన్నా ఆగుతుంది. ప్రాణం నిలబెట్టిన మాట అది. అదే మాటను హసన్ అయిపోయింది, వచ్చేశావు అనే అర్థంలో అన్నాడు. చెవికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

హసన్ ముఖం వాడిపోయింది. యల్లా, యల్లా, పద పద, ఎందుకాగావని పరుగెత్తుకొచ్చాడు. సంగతి తెలిశాక తల పట్టుకుని, తప్పు తనదే, పోయి గంట కొట్టమన్నాడు. దేవన్న ఆ పదిహేను గజాలూ సైకిలు నడిపించుకుంటూ పోయి, గంట పక్కన నిలబడ్డాడు. ముట్టుకోలేదు. కాలు పెట్టినవాడు కొట్టకూడదు. వచ్చే ఏడాది తప్పకుండా కొడతావని హసన్ భుజం తట్టాడు. తనకు వచ్చే ఏడాది లేదని దేవన్న ఆయనకు చెప్పలేదు. చెబితే ఆ ముసలాయన ఇంకా బాధపడతాడు.

"ఎందుకాగినవ్ బావా?" అన్నాడు గంగాప్రసాద్ మెల్లగా.

"ఖలాస్ అన్నడు గదరా."

గంగాప్రసాద్ కూడా ఆ సైటు మనిషే. ఈసారి నవ్వలేదు. వీడియో అక్కకు పంపాలా అని కూడా అడగలేదు.

దేవన్నకు కోపం పట్టరానంత వచ్చింది. హసన్ మీద కాదు, యూసుఫ్ మీద కాదు. తన కాలి మీద. చైను తెగితే చైనును తిట్టొచ్చు, గాలి వీస్తే గాలిని తిట్టొచ్చు. తనను అడగకుండానే దిగిన కాలును ఏమని తిట్టాలి? ఆ రోజు అన్నం సయించలేదు. జమున ఫోను చేస్తే, ఎక్కాను గానీ గంట కొట్టలేదని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశాడు.

శనివారం పొద్దున్నే సైటుకు పోతూ గట్టిగా అనుకున్నాడు. ఈరోజు యూసుఫ్ ఖలాస్ అన్నా సరే, చేతిలో ఉన్న ముడి పూర్తిచేసి గానీ లేవకూడదు. రోజంతా అదే ధ్యాస. పొద్దు వాలింది. క్రేను ఆగిపోయింది. అతను కావాలనే ఒక కొత్త ముడి మొదలుపెట్టి, వైరు సగం తిప్పి, ఆ మాట కోసం కాచుకుని కూర్చున్నాడు.

యూసుఫ్ ఖలాస్ అన్నాడు. దేవన్న చేతిలోని కటింగ్ ప్లేరు అప్పటికే సలాకల మీద పడి ఉంది.

దాని వంక కాసేపు చూశాడు. కింద బస్సు హారను కొడుతోంది. రమ్మని గంగాప్రసాద్ పిలుస్తున్నాడు. దేవన్న వంగి ప్లేరు తీసుకున్నాడు. ఖలాస్ అని చెప్పాను కదా అని యూసుఫ్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఒక్కటి ఉన్నది భాయ్," అని తన భాషలోనే అంటూ, దేవన్న ఆ ముడిని చివరి దాకా తిప్పాడు.